రైలు వేళలను ఫోను క్యాలెండరులో వ్రాసికొను విధము

రాయచూరు, బళ్లారి, నంద్యాల, బెంగుళూరు, రేణిగుంట దారులు కలియు గుంతకల్లు జంక్షనునకు రాత్రివేళ వచ్చు బండ్లు అనేకము గలవు. గ్రామస్థులు పలువురు నేడు తమ ప్రయాణపు తేదీని సెల్‌ఫోనులోని క్యాలెండరునందు వ్రాసికొనుచున్నారు. అలవాటు మంచిదే, చిక్కెల్ల అర్ధరాత్రి దాటిన బండ్లతోనే వచ్చును.

మన పంచాంగములో దినము సూర్యోదయముతో ఆరంభమగును. కావున శుక్రవారము రాత్రి పండ్రెండు దాటి ఇరువది నిమిషములైనను పల్లెలలో శుక్రవారమనియే తలంతురు. రైల్వేవారి దినము అర్ధరాత్రికే మారును. టిక్కెట్టుపై శనివారము 15వ తేదీ, 00.20 గంటలు అని యున్నచో 14వ తేదీ రాత్రి భోజనము కాగానే స్టేషనునకు బయలుదేరవలెను. 15వ తేదీ రాత్రి వెళ్లినవారి బండి ఆనాటి తెల్లవారకమునుపే పోయియుండును. ఆ టిక్కెట్టు మరి చెల్లదు.

త్వరగా వ్రాయుటకు అంకెలే సులువు. ఫోను సెట్టింగులలో 24 గంటల పద్ధతిని ఎంచుకొన్నచో ఏ.ఎం., పి.ఎం.ల తగవు తీరును. (రాత్రి పండ్రెండు ఏ.ఎం. అనునది చదువుకొన్నవారిని సైతము తికమక పెట్టును.) గడియారపు బొమ్మ కనబడినచో ముల్లును త్రిప్పుచు కూర్చుండ నక్కరలేదు. పలు ఆండ్రాయిడ్ ఫోన్లలో దాని దిగువ నుండు కీబోర్డు గుర్తును తాకి 00, 20 అని నేరుగా వ్రాయవచ్చును. తేదీని మాత్రము నెల పేరుతో సరిచూచుకొనవలెను; ఏలయన 5/6 అనునది మనకు జూన్ 5, అమెరికా పద్ధతిలో మే 6.

గుంతకల్లునకు కడపటి బస్సు సాయంకాలమే పోవు పల్లెలవారు రిమైండరును బండి వేళకు అరగంట ముందు గాక, 14వ తేదీన ఆ బస్సు వేళకు ముందుగా మ్రోగునట్లు పెట్టుకొనవలెను.