దివిసీమలో ఇసుక మీద ఇల్లు

బండ మీద కట్టిన ఇల్లు, ఇసుక మీద కట్టిన ఇల్లు. సండే స్కూలు పిల్లలకు కంఠతా వచ్చే ఈ ఉపమానాన్ని నాగాయలంక, కోడూరు వైపు చెప్పాలంటే జాగ్రత్త కావాలి. అక్కడ వాన, వరద, గాలి వట్టి కథలో మాటలు కావు. 1977 నవంబర్ 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తినప్పుడు అధికారిక లెక్కల ప్రకారమే పదివేల మందికి పైగా పోయారు. అంతకుముందు 1864 నవంబర్ 1 రాత్రి సముద్రం బందరు మీద పడి దాదాపు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది.

ఇలాంటి చోట 'కూలిన ఇల్లు బుద్ధిహీనుడిది' అని చెప్పి ఊరుకుంటే, పోయినవాళ్లదే తప్పన్నట్టు వినిపిస్తుంది. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లి ముందు అలా మాట్లాడటం క్రూరత్వం. పైగా ఆ అర్థం ఉపమానంలో లేదు.

మత్తయి సువార్తలో 5 నుంచి 7 వరకు మూడు అధ్యాయాలు కొండమీది ప్రసంగం. పగవాణ్ణి ప్రేమించమని, దానం గుట్టుగా చేయమని చెప్పుకుంటూ వచ్చి, చివర యేసు ఈ కథ చెప్పాడు. విని ఆచరించేవాడు ఒకడు, విని వదిలేసేవాడు ఇంకొకడు. తేడా అక్కడే, వాన మాత్రం ఇద్దరి మీదా కురిసింది. ఇతరులకు తీర్పు తీర్చవద్దన్న హెచ్చరికతోనే 7వ అధ్యాయం మొదలవుతుంది. అదే అధ్యాయం చివరి కథతో తుఫాను బాధితులకు తీర్పు చెప్పడం ఎలా కుదురుతుంది?

లూకా 13లో ఆయన ఇంకా సూటిగా మాట్లాడాడు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు. వాళ్లు మిగతావాళ్లకంటే పాపాత్ములా? కాదన్నాడు. మారవలసింది మీరేనని, వింటున్నవాళ్ల వైపే మాట తిప్పాడు.

నేల సంగతీ చూడాలి. పాలస్తీనాలో ఎండాకాలం వట్టిపోయిన వాగులు వానలకు ఒక్కసారిగా పొంగుతాయి. అక్కడ తవ్వితే బండ తగులుతుంది; లూకా చెప్పిన కథలో ఇల్లు కట్టేవాడు లోతుగా తవ్వింది అందుకే. దివిసీమ అంతా కృష్ణమ్మ తెచ్చిపోసిన మట్టి. సముద్రపు ఒడ్డున గుడిసె వేసుకున్న జాలరికి బండ ఎక్కడ దొరుకుతుంది? అతను అక్కడున్నది వేట కోసం, బతుకు కోసం.

సందర్భం వదిలేయడం పెద్ద పండితులకూ తప్పలేదు. మంచి సమరయుడి కథలో సత్రం అంటే సంఘమని, సత్రం యజమాని పౌలు అని అయిదో శతాబ్దంలో ఆగస్టీన్ వివరించాడు. తన పొరుగువాడెవడని ధర్మశాస్త్ర పండితుడు అడిగిన ప్రశ్న ఆ వివరణలో వెనక్కి పోయింది. ఇలా ప్రతి వస్తువుకూ గూఢార్థం వెతికే పద్ధతిని 1888లో జర్మన్ పండితుడు అడోల్ఫ్ యూలిషర్ గట్టిగా ఎదిరించాడు.

స్థానిక అనుభవం అర్థానికి అడ్డే వస్తుందని కాదు. గోధుమల్లో గురుగులు మొలిచిన ఉపమానం గుడివాడ రైతుకు ఇట్టే పట్టుబడుతుంది. వరిలో ఊద కూడా అంతే, వెన్ను తీసేదాకా పైరులా కనిపించి మోసం చేస్తుంది. అయితే కలుపు కనబడగానే పీకడం అతనికి అలవాటు. కోత దాకా ఆగమన్న యజమాని మాట అతనికే అందరికన్నా వింతగా తోస్తుంది. పీకబోతే మంచి మొక్క కూడా ఊడి వస్తుందని యజమాని భయం. ఆ పొలం ఈ లోకమేనని యేసు తర్వాత శిష్యులకు విప్పి చెప్పాడు. కోసే పని దేవదూతలకు వదిలాడు.