ఇంటి ప్లాను కన్నా ముందు ఆపా సంతకం

చిట్టమూరులో ఇల్లు కట్టాలనుకున్న మనిషి మొదట మేస్త్రీని పిలుస్తాడు. తర్వాత ఇటుకలు, ఇసుక బేరం చేస్తాడు. పంచాయతీ ఆఫీసు సంగతి గుర్తొచ్చేది పునాది లేచాక, పక్కింటివాళ్లు అర్జీ పెట్టాక. "మన స్థలం, మన డబ్బు. మధ్యలో ఈ పర్మిషన్ ఏమిటి భాయ్?" అనే మాట చిన్న ఊళ్లలో కొత్త కాదు.

కానీ 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం 121వ సెక్షన్ ప్రకారం పల్లెలోనైనా అనుమతి లేకుండా ఇల్లు కట్టకూడదు. లేఅవుట్లకు, ఇళ్లకు సంబంధించిన నియమాలు 2002లో వచ్చాయి. చిన్న ఇంటికి పంచాయతీలోనే అనుమతి దొరుకుతుంది. పెద్ద కట్టడమైతే టౌన్ ప్లానింగ్ శాఖ సాంకేతిక ఆమోదం కూడా కావాలి. మీ ఊరు ఏదైనా పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలోకి వచ్చిందేమో ముందే అడిగి తెలుసుకోవాలి. 2022 ఏప్రిల్‌లో చిట్టమూరు మండలాన్ని నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలో కలిపినప్పుడు ఏ కాగితం ఏ ఆఫీసుకు పోవాలో తెలియక తిరిగినవాళ్లకు ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు.

దరఖాస్తు ఫారం నింపడం కష్టమేమీ కాదు. స్థలం కొలతలు, ప్లాను, దస్తావేజు నకలు, ఈసీ, రుసుం కట్టిన రసీదు ఉంటే చాలు. కష్టమంతా ఒక్క గడి దగ్గర వస్తుంది. "స్థలం యజమాని పేరు."

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. అబ్బా పోయి పదేళ్లయింది. ఊళ్లో 48 అంకణాల స్థలం, అందులో పాత పెంకుటిల్లు. అమ్మీ ఉంది. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. కూతుళ్లకు పెళ్లిళ్లయి ఒకరు గూడూరులో, ఒకరు నాయుడుపేటలో ఉన్నారు. చిన్నకొడుకు నాలుగు రాళ్లు వెనకేసుకుని వచ్చి, పాత ఇల్లు పడగొట్టి డాబా కట్టాలనుకున్నాడు. దస్తావేజు చూస్తే అబ్బా పేరు మీద ఉంది. అంటే ఆ స్థలం ఈరోజు ఒక్కరిది కాదు, ఐదుగురిది.

ఎవరి వాటా ఎంతో మనకు తెలియని విషయం కాదు. సూరా నిసాలో లెక్క స్పష్టంగా ఉంది. పిల్లలున్నారు కనుక భార్యకు ఎనిమిదో వంతు, అంటే 6 అంకణాలు. మిగిలిన 42లో కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. కొడుకులకు 14 అంకణాల చొప్పున, కూతుళ్లకు 7 చొప్పున వస్తాయి. చదువు రాని ముసలమ్మ కూడా వేళ్ల మీద చెప్పే లెక్క ఇది. అయినా పదేళ్లుగా ఎవరూ దాన్ని కాగితం మీద పెట్టలేదు. పెట్టమని అడిగితే ఆడపిల్ల ఆశపోతుదని పేరు వస్తుంది. అడగకపోతే "ఆపా వదిలేసుకుంది" అంటారు. ఆమె వదిలేసుకున్నట్టు ఎవరితోనూ చెప్పలేదు. మన కుటుంబాల్లో జరిగే అన్యాయాల్లో చాలా భాగం ఇలా గొడవ లేకుండా, నవ్వుతూ మాట్లాడుకుంటూనే జరిగిపోతుంది.

ఇప్పుడు పంచాయతీ కార్యదర్శి ఆ గడి మీద వేలు పెట్టి అడిగాక తమ్ముడు గూడూరు బస్సెక్కుతాడు. "ఆపా, ఊరికే ఒక సంతకం. ఆఫీసు వాళ్లు అడుగుతున్నారు" అంటాడు. ఆపా చేయాల్సిన పని ఒకటే. "ఏం కాగితమో చదివి వినిపించు బాబూ" అనాలి. ఎందుకంటే ఆ కాగితం మూడు రకాల్లో ఏదైనా కావచ్చు. ఇల్లు కట్టుకోవడానికి అభ్యంతరం లేదని చెప్పే పత్రం కావచ్చు. అది ఇచ్చినంత మాత్రాన ఆమె 7 అంకణాలు పోవు. హక్కు విడుదల దస్తావేజు అయితే పోతాయి. అది సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరు కావాలి. మూడోది భాగపరిష్కారం, అంటే ఎవరి వాటా వారికి కొలిచి రాసుకునేది. నా మట్టుకు ఈ మూడోదే మేలు. ఖర్చు కొంత ఎక్కువే. కానీ చిన్నకొడుకు తన 14 అంకణాల్లో తన పేరు మీదే ప్లాను పెట్టుకోవచ్చు, బ్యాంకు లోను కూడా సులువవుతుంది. చెల్లెలి స్థలం కూడా కావాలంటే ధర కట్టి కొనుక్కోవచ్చు.

అంకణం అన్నాం కాబట్టి ఇంకో మాట. నెల్లూరు లెక్కలో అంకణం 72 చదరపు అడుగులు. తిరుపతి వైపు 36 అడుగులే. కొనేటప్పుడు, పంచుకునేటప్పుడు ఏ అంకణమో రాసుకోండి. ప్లానులో ఎలాగూ చదరపు మీటర్లే వేయాలి. 14 నెల్లూరు అంకణాలంటే దాదాపు 94 చదరపు మీటర్లు.

"అబ్బా బతికుండగానే ఈ స్థలం నాకు హిబా చేశారు, మసీదులో నలుగురు సాక్షులున్నారు" అని పెద్దకొడుకు అనవచ్చు. ముస్లింల హిబాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదన్నది నిజమే. ఇచ్చానని చెప్పడం, పుచ్చుకోవడం, స్వాధీనం చేయడం జరిగితే నోటిమాటగా ఇచ్చినా చెల్లుతుంది. మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు ఇది చెప్పింది. 1968లో రాసిన హిబా కాగితం రిజిస్టరు కాకపోయినా చెల్లుతుందని తీర్పిచ్చింది. ఆ తీర్పు వచ్చింది మాత్రం 2011లో. 43 ఏళ్లు! చట్టంలో చెల్లే మాటకు, పంచాయతీ కౌంటరు దగ్గర చెల్లే కాగితానికి మధ్య అంత దూరం ఉంది. తండ్రి బతికుండగా ఒక్కరోజు రిజిస్ట్రారు ఆఫీసుకు పోయివస్తే ఆ దూరం తగ్గేది.

దస్తావేజే లేని స్థలాల గొడవ వేరు. గ్రామకంఠంలో తాతల నుంచి ఉంటున్నవాళ్లకు సర్వే నంబరే ఉండదు. పాత ఇంటిపన్ను, కరెంటు రసీదులే వాళ్లకు ఆధారం. వాటిని పారేయకండి. డీకేటీ పట్టా భూమిని కొనడం చాలా సందర్భాల్లో 1977 నాటి చట్టానికి విరుద్ధం. అలాంటి భూమిలో మేడ కట్టినా హక్కు రాదు. మసీదుకో ఖబరస్తానుకో చెందిన వక్ఫ్ స్థలమూ అంతే. చవగ్గా వస్తోందని మనవాళ్లే కొన్న సందర్భాలున్నాయి కాబట్టి చెప్పక తప్పడం లేదు. బయానా ఇచ్చే ముందే ఆ సర్వే నంబరు 22-ఏ నిషేధ జాబితాలో ఉందేమో చూసుకోవాలి. వ్యవసాయ భూమిని మార్చుకోవడానికి 2006లో తెచ్చిన 'నాలా' చట్టాన్ని 2025లో రద్దు చేశారు. ఆ పేరు చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే ఇచ్చే ముందు ఆఫీసులో కనుక్కోండి.

చిట్టమూరు మండలానికి పులికాట్ సరస్సు ఆనుకుని ఉంది. అక్కడి పక్షుల అభయారణ్యం 1976 నాటిది. దాని హద్దుల్లో పంచాయతీ ఒక్కటే అనుమతి ఇస్తే సరిపోదు, అటవీశాఖను అడగాలి. ఆటుపోటు నీళ్లు పారే కాలువల పక్కన 2019 నాటి తీర నియంత్రణ నోటిఫికేషన్ వర్తిస్తుంది. గట్టు నుంచి 50 మీటర్లు లేదా కాలువ వెడల్పు, ఏది తక్కువైతే అంతవరకు. ఇది ఉత్త కాగితాల గోల అనిపిస్తే 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుఫాను చూసిన పెద్దలను అడగండి. 2015 నవంబరు వరదల్లో ఈ జిల్లా పడ్డ బాధ చిన్నవాళ్లకూ గుర్తుంది. వాగు పోరంబోకులో కట్టిన గోడకు నీళ్లు అర్జీ పెట్టవు, నేరుగా వస్తాయి.

మసీదుకు, మదరసాకు గది వేసినా అనుమతి కావాలి. ప్రార్థనా స్థలం కొత్తగా కట్టాలంటే జిల్లా కలెక్టరు అనుమతి ముందే తీసుకోవాలి. ఇది గుడికీ చర్చికీ కూడా ఉన్న నియమమే. రోడ్లు, పార్కుల వంటి బహిరంగ స్థలాల్లో కొత్తగా కట్టకూడదని 2009 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఆదేశించింది. చందాలు వసూలు చేసి, స్లాబు వేశాక పని ఆగిపోతే జమాతులో ఒకరి మీద ఒకరికి అనుమానాలు మొదలవుతాయి. ముతవల్లీ గారు చందా పుస్తకం కన్నా ముందు దరఖాస్తు పెట్టడం మంచిది.

ఆఫీసుకు పోయేటప్పుడు దస్తావేజు నకళ్లు రెండు జతలు తీసుకుపోండి. అసలు కాగితం చూపించి వెనక్కి తెచ్చుకోండి. ఇచ్చిన ప్రతిదానికీ తేదీ వేసిన రసీదు అడగండి. స్థలం ఇంకా అబ్బా పేరు మీదే ఉంటే మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల పత్రం ముందు తెచ్చుకోవాలి. ఆ పత్రంలో గూడూరు ఆపా పేరు, నాయుడుపేట చెల్లెలి పేరు ఉన్నాయో లేదో కౌంటరు దగ్గరే చదువుకోండి.