నిలిపి ఉంచిన లాభం : ఒక కంప్యూటరు సంస్థ చెప్పే పాఠం

వాణిజ్యశాస్త్ర విద్యార్థులను తరచుగా తికమకపెట్టే పద్దు ఒకటి కలదు. ఆస్తి అప్పుల పట్టీలో వాటాదారుల నిధి క్రింద కనిపించే ‘నిలిపి ఉంచిన లాభం’ అనునదే ఆ పద్దు. ఎంత మొత్తము కనిపిస్తే అంత నగదు సంస్థ వద్ద ఉన్నదనీ, దాని ముందు ఋణ చిహ్నముంటే సంస్థ నష్టాలలో మునిగినదనీ పలువురు భావిస్తారు. ఈ రెండు భావాలూ పొరపాటేనని ఒక కంప్యూటరు సంస్థ లెక్కల ఆధారంగా వివరించడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశము.

సంస్థ పుట్టిన నాటినుండి ఆర్జించిన లాభాలన్నిటినీ కూడి, అందులోనుండి నష్టాలను, వాటాదారులకు పంచిన డివిడెండును తీసివేయగా మిగిలినదే నిలిపి ఉంచిన లాభం. రైతు తన పంటలో తిన్నది, పంచినది పోగా ఎంత మిగుల్చుకున్నాడో పుస్తకంలో వ్రాసుకుంటాడు. కాని ఆ మిగులు గాదెలోనే ఉండనక్కరలేదు. ఎద్దుల జతగానో, త్రవ్విన బావిగానో మారి ఉండవచ్చు. పుస్తకం చెప్పేది మిగుల్చుకున్నదెంత అన్న సంగతి; అది ఇప్పుడు ఏ రూపంలో ఉన్నదో తెలియాలంటే ఆస్తుల వైపు చూడవలసిందే.

ఇక మన ఉదాహరణ. 1976లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆరంభమైన యాపిల్ సంస్థకు సెప్టెంబరు నెలతో లెక్కల సంవత్సరం ముగుస్తుంది. 1995లో దాని నిలిపి ఉంచిన లాభం సుమారు 246 కోట్ల డాలర్లు. తరువాతి రెండు సంవత్సరాలు గడ్డుకాలం. 1996లో సుమారు 82 కోట్లు, 1997లో సుమారు 104 కోట్ల డాలర్ల నష్టం వచ్చింది. ఈ నష్టాలూ, 1996లో నిలిపివేయడానికి ముందు చెల్లించిన కొద్దిపాటి డివిడెండూ పోగా 1997లో మిగిలినది సుమారు 59 కోట్లు మాత్రమే. మంచి సంవత్సరాలలో లాభమంతా పంచివేసి ఉంటే, ఆ రెండేళ్ల నష్టం వాటాదారులు పెట్టిన మూలధనాన్నే హరించి ఉండేది.

1998లో సంస్థ మరల లాభాలలోకి వచ్చింది. 2012 వరకు డివిడెండు పంచలేదు. 2007లో వచ్చిన ఐఫోన్ ఆదాయాన్ని ఎంతగానో పెంచింది. ఫలితంగా 2013లో ఈ పద్దు 10,426 కోట్ల డాలర్లకు చేరింది. అటుపిమ్మట లాభాలు ఇంకా పెరిగినా, పద్దు తరిగిపోసాగింది. కారణమేమి?

2022 సంవత్సరపు లెక్క చూడండి. ఆరంభ నిల్వ 556 కోట్లు. ఆ ఏటి లాభం 9,980 కోట్లు. రెండూ కలిపి 10,536 కోట్లు. ఇందులో డివిడెండు 1,479 కోట్లు. ఉద్యోగులకిచ్చే వాటాలలో పన్ను నిమిత్తం మినహాయించుకున్నది 345 కోట్లు. సంస్థ తన వాటాలను తానే తిరిగి కొన్నది 9,019 కోట్లు. తీసివేయగా వచ్చినది ఋణం 307 కోట్లు! దాదాపు పదివేల కోట్ల డాలర్లు ఆర్జించిన సంవత్సరంలోనే పద్దు సున్నకు దిగువకు పోయినది. అదే సమయంలో సంస్థ వద్ద నగదు, సులభంగా అమ్మదగిన పెట్టుబడులు కలిపి సుమారు 16,900 కోట్ల డాలర్లు ఉన్నవి. కనుక ఋణ చిహ్నం ఇక్కడ నష్టాన్ని చెప్పడం లేదు; ఆర్జించినదానికంటె ఎక్కువ వాటాదారులకు తిరిగి వెళ్లినదని చెబుతున్నది.

ఇందులో లెక్కలు వ్రాసే పద్ధతి పాత్ర కూడ కలదు. యాపిల్ తిరిగి కొన్న వాటాలను రద్దు చేసి, ఆ వ్యయాన్ని ఈ పద్దులోనే తగ్గిస్తుంది. ఐ.బి.ఎం. సంస్థ అట్టి వాటాలను ‘ట్రెజరీ స్టాక్’ అనే వేరొక పద్దులో చూపుతుంది. అందుచేత దాని నిలిపి ఉంచిన లాభం పెద్ద మొత్తంగానే కనిపిస్తుంది. రెండు పట్టీలను ప్రక్కప్రక్కన ఉంచి, ఒక్క అంకెను చూచి ఇది బలమైనది, అది బలహీనమైనది అని తీర్పు చెప్పడం సాహసమే.

విద్యార్థులారా! రేపు మీలో కొందరు బ్యాంకులలో ఋణాల దరఖాస్తులను పరిశీలిస్తారు. కొందరు ఇంటివారి కష్టార్జితాన్ని వాటాలలో పెడతారు. అప్పుడు ఒక్క అంకెను నమ్మవద్దు; ఆ అంకె ఏ దారిన వచ్చినదో అనేక సంవత్సరాల పట్టీలు తిరగవేసి తెలుసుకొనండి. లాభాన్ని దాచడమే గొప్ప కాదు, పంచడమే గొప్ప కాదు. 1997లో యాపిల్‌ను కాచినది దాచిన లాభమే. 2022లో పంచడానికి దానికి ధైర్యమిచ్చినది ఏటేటా వచ్చే ఆర్జన.

కళాశాల కమిటీ పెద్దలకు కూడ ఒక మనవి. వాటాదారులు లేని మనవంటి విద్యాసంస్థలో ఏటి ఖర్చులు పోగా మిగిలినది ఎవరికీ పంచబడదు. కనుక ఎంత మిగిలినదన్న ప్రశ్నతో ఆగక, ఏ అవసరానికై నిలిపినామన్న ప్రశ్నను కూడ ప్రతి సంవత్సరం లెక్కల సమావేశంలో వేసుకొనుట మంచిదని మా అభిప్రాయము. గ్రంథాలయానికా, ప్రయోగశాలకా, బీద విద్యార్థి ఫీజుకా అన్నది తేల్చుకున్ననాడే మిగులుకు అర్థం ఏర్పడుతుంది.