కనిపెట్టుకొని ఉండే దినాలు వృథా కావు



"సిస్టర్, ఇంకా ఎన్నాళ్ళు?" వార్డులో మేము ఎక్కువగా వినే ప్రశ్న ఇది. బయాప్సీ రిపోర్టు కోసం చూసేవారు, ఎముక అతుక్కోవాలని కాలు కదపకుండా పడుకున్నవారు, పక్షవాతం వచ్చిన భర్త పక్కన కూర్చున్న భార్య, అందరూ అదే అడుగుతారు. పైకి అనకపోయినా, దేవుడు మా ప్రార్థన వినలేదేమోనని కొందరు లోలోపల కుమిలిపోతారు. అలా అడగడం అవిశ్వాసం కాదు. 13వ కీర్తనలో దావీదు కూడా దేవుని ఈ ప్రశ్నే అడిగాడు.

కనిపెట్టడం అంటే ఏమిటి?

130వ కీర్తనలో భక్తుడు తన ఎదురుచూపును ఉదయం కొరకు చూసే కావలివారితో పోల్చాడు. నైట్ డ్యూటీ చేసే మాకు ఆ పోలిక బాగా అర్థమవుతుంది. తెల్లవారడం మా చేతిలో లేదు. తప్పక తెల్లవారుతుందని మాత్రం తెలుసు. అందాకా చేతులు ముడుచుకొని కూర్చోము. సెలైన్ చూస్తాము, బి.పి. రాస్తాము, కదలలేనివారికి పుండ్లు పడకుండా పక్కకు తిప్పుతూ ఉంటాము. దేవుని కొరకు కనిపెట్టడమూ ఇలాంటిదే. ఫలితం ఆయనది, ఈ పూట పని మనది.

మందులు మానడం విశ్వాసం కాదు

కొన్నేళ్ళ క్రితం క్షయవ్యాధికి మందులు వాడుతున్న ఒక సహోదరుడు మూడవ నెలలో మానేశారు. దగ్గు తగ్గింది, ఆకలి వేస్తోంది, దేవుడు బాగుచేశాడు గనుక ఇక బిళ్ళలెందుకు అనుకున్నారు. జబ్బు తిరగబెట్టి, మరింత నీరసించి వచ్చారు. అందులో మా తప్పు కూడా ఉంది. ఆరు నెలలు ఎందుకో మేము ఆయనకు సరిగా వివరించలేదు.

మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకే బాగున్నట్లు అనిపిస్తుంది. కాని మొండి క్రిములు కొన్ని లోపల మిగిలే ఉంటాయి. సాధారణ క్షయకు మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తరువాత నాలుగు నెలలు మూడు రకాలు వాడేది అందుకే. మధ్యలో ఆపితే క్రిములు మందుకు లొంగకుండా పోవచ్చు. మూత్రం నారింజ రంగులో రావడం మందు వల్లనే, భయపడవద్దు. కళ్ళు పచ్చబడినా, చూపు మసకబారినా, వాంతులు ఆగకపోయినా వెంటనే రండి. ప్రార్థన చేసి బిళ్ళ వేసుకోండి. రెండూ కలిసి సాగవలసినవే.

స్వస్థత మనం అడిగినట్లు రాకపోతే?

వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేసిన డాక్టర్ మేరీ వర్గీస్‌కు 1954లో రోడ్డు ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని కాళ్ళు చచ్చుబడ్డాయి. అవి మళ్ళీ నడవలేదు. అయినా చక్రాల కుర్చీలో కూర్చొనే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. తరువాత అమెరికాలో పునరావాస వైద్యం చదివి వచ్చి, వెల్లూరులో ఆ విభాగాన్ని నెలకొల్పారు. 1972లో ఆమెకు పద్మశ్రీ లభించింది. అడిగినది దొరకకపోయినా, ఆమెకు చేయవలసిన పని దొరికింది.

ఎదురుచూసే దినాలలో

1. ఈ రోజుకు చిన్న పని ఒకటి పెట్టుకోండి. నాలుగు అడుగులు వేయడం, ఊపిరి వ్యాయామం చేయడం, ఒక కీర్తన చదవడం, ఏదైనా సరే.

2. పక్క మంచం వారిని పేరు పెట్టి పలకరించి, వారి కొరకు ప్రార్థించండి.

3. రిపోర్టు ఎప్పుడు వస్తుందో, తరువాత ఏమి చేస్తారో మమ్మల్ని అడగండి. మాకు విసుగు లేదు.

4. చూడవచ్చే సంఘస్థులారా, "విశ్వాసం తక్కువైంది" అని రోగితో అనవద్దు. కాసేపు కూర్చొని, తోడున్న వారిని నిద్రపోనివ్వండి.

5. నిద్ర పట్టక, బ్రతకాలని లేదనే తలంపులు వస్తే దాచుకోవద్దు. ఏ వేళైనా మమ్మల్ని పిలవండి. ఇంట్లో ఉంటే 14416కు ఫోన్ చేయండి. ఈ ప్రభుత్వ సేవ ఉచితం.

మీరు మంచం మీద ఉన్నంత మాత్రాన దేవుని పనిలో నుండి తీసివేయబడలేదు. మీతో కూడ మేమును కనిపెట్టుచున్నాము. ప్రభువు మీకు సహనమును, నిరీక్షణను దయచేయును గాక. ఆమేన్.

నర్సింగ్ సూపరింటెండెంట్