విటమిన్‌ ముడిసరుకుకు విదేశాలే దిక్కు

డబ్బాపై హైదరాబాద్‌ చిరునామా ఉన్నా, పోషక మాత్రల్లోని విటమిన్‌-ఎ, ఇ పొడులు చాలావరకు విదేశాల నుంచి వచ్చినవే. వీటిని తయారుచేసే కర్మాగారాలు ప్రపంచంలోనే కొన్ని. ఒకచోట నిప్పంటుకుంటే సెగ అందరికీ తగులుతుంది. 2024 జులై 29న జర్మనీలోని లుడ్విగ్‌షాఫెన్‌లో బీఏఎస్‌ఎఫ్‌ కర్మాగారంలో పేలుడు సంభవించింది. దెబ్బతిన్నది సుగంధ రసాయనాల విభాగమే. అయితే ఈ విటమిన్లకు కావాల్సిన మూల రసాయనాలూ అక్కడివే. ఒప్పందం మేరకు సరఫరా చేయలేమని ఆగస్టులో సంస్థ ప్రకటించడంతో ధరలు భగ్గుమన్నాయి.

చిన్న పరిశ్రమలకు మరో సరఫరాదారును వెతుక్కోవడం అంత సులువు కాదు. దిగుమతిదారుకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు ఉండాలి. ఓడరేవులో నమూనా తీస్తే, పరీక్ష ఫలితం వచ్చేదాకా సరుకు సాధారణంగా కదలదు. విటమిన్‌-ఎ మరీ సున్నితం. గాలి, వెలుతురు, వేడి తగిలితే శక్తి తగ్గుతుంది. జాప్యం పెరిగితే డబ్బాపై రాసిన మోతాదు మాత్రలో మిగలకపోవచ్చు.