తమ్ముణ్ణి పరీక్షకు కూర్చోబెట్టాలా?

పిల్లలూ! అడ్డతీగలలో అయిదో తరగతి చదివే తమ్ముడు మీకున్నాడనుకోండి. నవోదయ ప్రవేశ పరీక్షకు వాణ్ణి తయారుచేయాలా, వద్దా?

పరీక్షలో 80 ప్రశ్నలు, 100 మార్కులు. సగం మార్కులు బొమ్మలు పోల్చి చూసే ప్రశ్నలకే. మిగిలినవి లెక్కలకూ, భాషకూ. ఒక్కో విద్యాలయంలో ఏటా ఆరో తరగతిలో చేరేది 80 మందికి మించదు. కాబట్టి చాలామందికి సీటు రాదు.

రాకపోయినా నేర్చినది మిగలాలి. ఒక్కరోజున బట్టీపట్టింది త్వరగా చెదిరిపోతుంది. రోజులు విడిచి మళ్ళీ మళ్ళీ చేసింది నిలుస్తుంది. జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎబ్బింగ్‌హాస్ తనమీద తానే ప్రయోగాలు చేసి, 1885లోనే ఈ సంగతి చెప్పాడు. కనుక రోజుకో అరగంట చాలు; బడి చదువుకూ పనికొస్తుంది.

మరి సీటు వస్తే? పాత తూర్పుగోదావరి జిల్లా నవోదయ పెద్దాపురంలో వుంది. పదేళ్ళకే కొండ దిగి, అమ్మను విడిచి హాస్టల్లో వుండాలి. ఆ మాట ముందుగా తమ్ముణ్ణే అడగండి. వాడు ‘ఊఁ’ అంటేనే పుస్తకం తెరవండి.