బంతి తిప్పితే చాలు

అక్కలారా! కడుపుతో ఉన్నప్పుడు బందరు వెళ్ళి స్కానింగు తీయించుకున్నారా? డాక్టరమ్మ ఒక చేత్తో పొట్ట మీద పరికరం ఆనించి, రెండో చేత్తో మిషను మీద చిన్న బంతిని దొర్లిస్తుంది. ఆ బంతి పేరు ట్రాక్‌బాల్.

కంప్యూటరుకు మామూలుగా మౌస్ ఉంటుంది. దాన్ని బల్ల మీద జరిపితే తెర మీద బాణం గుర్తు జరుగుతుంది. ట్రాక్‌బాల్ జరగదు. గూటిలో బంతి మాత్రమే తిరుగుతుంది. బంతిని ఎటు తిప్పితే గుర్తు అటు పోతుంది. నొక్కడానికి పక్కనే మీటలు ఉంటాయి.

1946లో ఇంగ్లండు నావికాదళం రాడార్ పని కోసం రాల్ఫ్ బెంజమిన్ అనే ఆయన దీన్ని కనిపెట్టాడు.

పాలకాయతిప్పలో వలలు బాగుచేసి, చేపలు కోసి మన మణికట్లు నొప్పి పెడతాయి. మౌస్ జరుపుతుంటే ఇంకా లాగుతుంది. ట్రాక్‌బాల్‌కి చెయ్యి ఒకచోట ఆనించి వేళ్ళు కదిపితే చాలు. వేళ్ళకు కూడా మధ్య మధ్య విశ్రాంతి ఇవ్వాలి. దుమ్ము చేరితే బంతి సరిగా తిరగదు. దాన్ని బయటికి తీసి పొడిగుడ్డతో తుడవాలి.

మొదట్లో గుర్తు అటూ ఇటూ పోతుంది. మనం పలక మీద దిద్దిన మొదటి అక్షరం కూడా వంకరే కదా! కంప్యూటరు నేర్చుకునేటప్పుడు మౌస్ కుదరకపోతే "నాకు రాదు" అని లేచిపోకండి. "ట్రాక్‌బాల్ ఉందా?" అని అడగండి.